జముకు తీగ, షిప్‌యార్డు పాట, మన కొండలు



పోస్టు పెద్దదే. రాత్రి హాస్టల్లో భోజనాలయ్యాక తీరిగ్గా చదవండి.

ఆగస్టు వస్తే మన గ్రూపు నిండా 9వ తారీఖు పోస్టర్లే ఉంటాయి. ఆదివాసీ దినోత్సవం కదా, ఉండాల్సిందే. దానికి ఐదు రోజుల ముందు 4వ తారీఖు మాత్రం ఎవరికీ పెద్దగా పట్టదు. 2020లో ఆ రోజే పార్వతీపురంలో వంగపండు ప్రసాదరావు గారు చనిపోయారు. ఆయన ఆదివాసీ కాదు. మరి మన గ్రూపులో ఆయన మీద ఇంత రాత ఎందుకని అడుగుతారేమో. శ్రీకాకుళం గిరిజన పోరాటం గురించి పుస్తకం చదివి తెలుసుకున్నవాళ్లు ఎంతమంది, పాట విని తెలుసుకున్నవాళ్లు ఎంతమంది? మీ క్లాసులో పక్కనోణ్ని అడిగి చూడండి. మన తాతల కథ బయటి లోకానికి పాట మీద ఎక్కే పోయింది. ఆ పాట కట్టిందెవరు, దేనితో కట్టారు, అందులో మనం ఎంత ఉన్నాం, ఎంత లేం అన్నది కూడా చరిత్రే. అది మనం రాసుకోకపోతే ఇంకెవరూ రాయరు.

ముందు వాయిద్యం దగ్గర మొదలెడదాం. జముకు. ఉత్తరాంధ్ర పల్లెల్లో పెరిగినోళ్లకు చెప్పక్కర్లేదు. పాడేరు, చింతపల్లి వైపు నుంచి వచ్చిన తమ్ముళ్లు కొందరు చూసి ఉండకపోవచ్చు. కుంచంలాంటి డొల్ల ఒకటి. దానికి ఒక పక్క తోలు మూత, రెండో పక్క ఖాళీ. తోలు నడుమ చిన్న బెజ్జం, దాంట్లోంచి బయటికొచ్చే నరం తీగ, తీగ కొసన పట్టుకోడానికి చిన్న కర్రముక్క. డొల్లను చంకలో ఇరికించి, ఒక చేత్తో కర్రముక్కను లాగిపట్టి, రెండో చేత్తో తీగను మీటుతారు. గట్టిగా లాగితే స్వరం పైకి పోతుంది, వదులు చేస్తే కిందికి దిగుతుంది. వీణకున్నట్టు మెట్లు లేవు, ఉన్నది ఒక్క తీగే. అయినా దానికి మాట్లాడ్డం వచ్చు. కథ చెప్పేవాడు ప్రశ్న అడిగితే జముకు 'ఊఁ' అన్నట్టే ఉంటుంది. ఏడిస్తే తనూ ఏడుస్తుంది, వెక్కిరిస్తే తనూ వెక్కిరిస్తుంది. తెలంగాణలో బైండ్లవాళ్లు ఎల్లమ్మ కథకు వాయించే జమిడిక దీని చుట్టమే. బెంగాల్ బావుల్ పాటగాళ్ల ఖమక్, మరాఠీవాళ్ల చౌండకే కూడా ఇదే కుటుంబం. ఇది తీగ వాయిద్యమా, తోలు వాయిద్యమా అని పండితులు వాదించుకుంటారు. వాయించేవాడికి ఆ గొడవ అక్కర్లేదు.

జముకుల కథ అమ్మవార్ల కొలుపుల దగ్గర, జాతర్ల దగ్గర రాత్రంతా సాగే కథ. దేవత కథే అయినా కథకుడు నడుమ ఆగి, ఊరి పెద్ద మీదో, పక్కూరి షావుకారి మీదో ఒక విసురు విసిరాడనుకోండి, జనం నవ్వుతారు, వంత అందుకుంటుంది, మళ్లీ కథ నడుస్తుంది. బుర్రకథలో అయితే ఈ పనికి ప్రత్యేకంగా మనిషే ఉంటాడు. నడుమ కథకుడు తంబుర మీటుతుంటే, పక్కనున్న ఇద్దరు వంతల్లో ఒకడు హాస్యం చెప్తాడు, ఇంకొకడు రాజకీయం చెప్తాడు. 1943లో ప్రజానాట్యమండలి పుట్టినప్పుడు షేక్ నాజర్ లాంటి కళాకారులు బుర్రకథను ఎందుకు ఎత్తుకున్నారో దీన్నిబట్టే అర్థమవుతుంది. ప్రశ్న అడిగే చోటు ఆ రూపంలో ముందునుంచే ఉంది. బ్రిటిష్ ప్రభుత్వం, నిజాం ప్రభుత్వం రెండూ బుర్రకథను నిషేధించాయి కూడా. ఉత్త పాటను ఎవరూ నిషేధించరు కదా.

ఇక మన కొండల సంగతి. పార్వతీపురం ఏజెన్సీలో జాతాపులు, సవరలు పోడు చేసుకుని బతికేవాళ్లు. అప్పిచ్చిన షావుకారు చేతికి భూమి పోయేది. పోయిన భూమిలోనే పాలికాపుగా చేరి కొడుకూ మనవడూ అదే అప్పు తీర్చేవాళ్లు. ఫారెస్టోళ్ల మామూళ్లు, వెట్టి వేరే. వెంపటాపు సత్యనారాయణ అనే బడిపంతులు, ఆదిభట్ల కైలాసం వాళ్ల మధ్య పనిచేసి గిరిజన సంఘం కట్టారు. కూలి పెరిగింది, వెట్టి తగ్గింది, కొంత భూమి తిరిగొచ్చింది. ఇదంతా ఒక్క రోజులో కాలేదు, పదేళ్ల పని. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లులో సంఘం మహాసభ. దానికి పోతున్న జనం మీద లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు కాల్పులు జరిపారు. కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు చనిపోయారు. కేసు కోర్టుకెళ్లి, నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. ఆ తర్వాతే ఉద్యమం ఆయుధాల దారి పట్టింది. సత్యం, కైలాసం 1970 జులైలో చనిపోయారు. ఆ దారి సరైనదా కాదా అని మన గ్రూపులో ఇదివరకే చాలాసార్లు వాదించుకున్నాం, ఇక్కడ మళ్లీ తెరవం. కోరన్న, మంగన్న పేర్లు మాత్రం గుర్తు పెట్టుకోండి, చివర్లో వాటితో పని ఉంది.

ఈ కథను మొదట జముకు మీద పెట్టినవాడు సుబ్బారావు పాణిగ్రాహి. ఒడియా మాట్లాడే బ్రాహ్మణ కుటుంబం, పలాస దగ్గర బొడ్డపాడు గుడిలో పూజారి. గుడిలో ఉదయం మంత్రాలు చదివే గొంతే రాత్రి జముకుల కథ చెప్పింది. దేవత కథ ఉన్న చోట గిరిజనుడి కథ పెట్టాడు, రాక్షసుడి చోట షావుకారిని కూర్చోబెట్టాడు. వినేవాళ్లకు రూపం కొత్తది కాదు కాబట్టి ఎవరూ ఏటిదని అడగలేదు. అమ్మవారి కథ విన్నట్టే విన్నారు. మా లెక్కలో ఆయన చేసిన అసలు పని ఇదే. ఉపన్యాసం ఇచ్చి ఉంటే సగం మంది లేచిపోయేవాళ్లు. 1969 డిసెంబరులో ఆయన్ని పట్టుకుని కాల్చి చంపారు. ఎన్‌కౌంటర్ అని పోలీసులు చెప్పారు. పంచాది నిర్మల కూడా అప్పుడే చనిపోయింది.

అక్కడికి ఇంకా రెండు నెలలైనా తిరగలేదు, కథ విశాఖపట్నం చేరింది. 1970 ఫిబ్రవరిలో శ్రీశ్రీ షష్టిపూర్తి ఆయన పుట్టిన ఊళ్లోనే, అంటే ఈ విశాఖలోనే పెద్ద ఎత్తున జరిగింది. రాష్ట్రంలోని రచయితలంతా వచ్చారు. ఆ సభలో 'విశాఖ విద్యార్థులు' పేరుతో ఒక కరపత్రం పంచారు. పక్క కొండల్లో ఇంత జరుగుతుంటే మీరు ఎవరి పక్షమని రచయితల్ని సూటిగా అడిగిన కాగితం అది. ఆ జులైలోనే విరసం పుట్టింది. బీచ్ రోడ్డులో నడుస్తున్నప్పుడు ఇది తలుచుకోండి. ఈ ఊళ్లో చదువుకునే పిల్లలు రాసిన ఒక్క కాగితం తెలుగు సాహిత్యాన్ని రెండుగా చీల్చింది. అది రాసినప్పుడు వాళ్లకూ మన వయసే.

అదే ఊళ్లో, యూనివర్సిటీకి దూరంగా, సముద్రం అవతలి ఒడ్డున సింధియాలో ఒక ఫిట్టర్ డ్యూటీకి పోయి వస్తున్నాడు. సింధియా అన్న పేరు ఎక్కడిదంటే, వాల్‌చంద్ హీరాచంద్ కంపెనీ అక్కడ 1941లో ఓడల కార్ఖానాకు పునాది వేసింది. 1948లో 'జల ఉష' అనే ఓడ అక్కడి నుంచే నీళ్లలోకి దిగింది. తర్వాత అది ప్రభుత్వం చేతికొచ్చి హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. ఆ ఫిట్టరే వంగపండు. 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టాడు. ఊరికి అటు పక్క చూస్తే కొండలు, ఇటు పక్క పొలాలు. మన సంతలు, మన మోపులు, మన చింతపండు కావిళ్లు చూస్తూ పెరిగిన మనిషి. పని కోసం ఓడల ఊరికి వచ్చాడు.

ఆయన పాటల్లో మాకు బాగా నచ్చేది యంత్రం మీద కట్టిన పాట. యంత్రం ఎట్టా నడుస్తుందని అడిగి, దాని జవాబును కూలోడి చేతుల్లో చూపించే పాట అది. చదువుకున్న కవి యంత్రం గురించి రాస్తే చాలాసార్లు దాన్ని భూతమనో, దేవుడనో అంటాడు. ఫిట్టరుకు అది రెండూ కాదు. ఏ మర ఎక్కడ వదులైందో చేత్తో తడిమి చెప్పగలడు. పాటలోనూ అదే చేతివాటం కనిపిస్తుంది. ఒక ప్రశ్న బిగిస్తాడు, దాని మీద ఇంకోటి బిగిస్తాడు, చివరికి మొత్తం తిరగడం మొదలవుతుంది. ఆర్థికశాస్త్రం క్లాసులో ఒక సెమిస్టరంతా చెప్పే అదనపు విలువ సంగతి ఆ పాట కొన్ని నిమిషాల్లో చెప్పేస్తుంది. బి.ఏ. చదివే తమ్ముళ్లు పరీక్ష ముందు ఒకసారి వినండి, నవ్వులాటకి అనడం లేదు.

1972లో గద్దర్ తదితరులతో కలిసి జననాట్యమండలిలో ముందు నిలిచాడు. కాలికి గజ్జె కట్టి ఊరూరా ఆడిపాడాడు. శ్రీకాకుళం మీద ఆయన కట్టిన ప్రదర్శన పేరు 'భూమి భాగోతం'. ఈ పేరు పెట్టడంలోనే పనితనం ఉంది. మన వైపు భాగోతమంటే రాత్రంతా ఆడే ఆట. మామూలు మాటల్లో 'ఆడి భాగోతం నాకు తెల్సు' అంటే వాడి గుట్టు అని అర్థం. భూమి ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి ఎలా పోయిందో ఆ గుట్టంతా ఆట కట్టి చూపిస్తున్నాను అని పేరులోనే చెప్పేశాడు. సంగీతంతో సమాజాన్ని విమర్శించడం ఎలాగని పుస్తకాలు రాస్తారు గానీ, మాకైతే ఈ రెండు మాటలు చాలు.

ఇక అందరికీ తెలిసిన పాట, 'ఏం పిల్లడో ఎల్దమొస్తవ'. శ్రీకాకుళం కొండలకు పోదాం వస్తావా అని తోడు పిలిచే పాట. అందులో నాయకుల పేర్లు లేవు, సిద్ధాంతం లేదు. కొండల్లోని చిన్న చిన్న పిట్టలూ జీవాలూ ఆయుధం పట్టినట్టు చెప్తాడు. ఎవరిని చూసి ఎవరూ భయపడరో వాళ్లే లేచి నిలబడ్డారని అర్థం. వింటుంటే చిన్నపిల్లల పాటలా ఉంటుంది, లోపల చూస్తే అదేం చిన్న సంగతి కాదు. అది అనేక భాషల్లోకి పోయింది. ఇంకో మాట. 'ఎల్దం' అన్నది మన ఉత్తరాంధ్ర మాట. క్లాసులో మన తెలుగు విని కిసుక్కున నవ్వినోళ్లు ఆ పాట వచ్చినప్పుడు అదే మాటను గొంతెత్తి పాడతారు. యాసకు గౌరవం అర్జీ పెట్టుకుంటే రాలేదు, పాట కట్టాక వచ్చింది.

ఇంత మెచ్చుకున్నాక ఒక సంగతి చెప్పకుండా ఉండలేం. ఈ పాటను మేం చాలాసార్లు పాడాం, మన సభల్లోనే పాడాం. పాడేటప్పుడు ఒకచోట నాలుక ఆగుతుంది. 'పోదాం వస్తావా' అని పిలిచేవాడు ఎక్కడ నిలబడి ఉన్నాడు? కింద, మైదానంలో. ఆయనకు కొండ అంటే పోవాల్సిన చోటు, మనకు అది ఇల్లు. మనం ఎక్కడికి పోతాం, మనం అక్కడే ఉన్నాం కదా! పాట మన గురించే, పిలుపు మాత్రం మనకు కాదు. తప్పు పట్టడానికి అనడం లేదు. ఆయన తన చోట నిలబడి నిజాయితీగా పిలిచాడు, కొండలు ఎక్కడున్నాయో తెలియనివాళ్లు ఆ పిలుపుకు కదిలారు. మన చోట నిలబడి కట్టిన పాట ఇంకోటి ఉండాలి కదా, అదేది అన్నదే మా ప్రశ్న.

ఎందుకంటే దారి ఇప్పుడు రెండో వైపుకు తిరిగింది. కొండ నుంచి కిందికి దిగేవాళ్లం మనమే. బైలదిల్లా ఇనుప రాయి 1960ల చివరి నుంచి కొత్తవలస–కిరండూల్ లైను మీద, మన అరకు సొరంగాల గుండా ఈ రేవుకు దిగుతోంది, ఇక్కడ ఓడెక్కి జపాను పోయింది. అదే లైను మీద మనమూ ట్రంకుపెట్టెతో దిగాం. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఈ ఊళ్లో తుపాకీ గుండ్లకు జనం చనిపోయారు, ఆంధ్రా మొత్తమ్మీద ఆ ఉద్యమంలో పోయిన ప్రాణాలు 32. ఫ్యాక్టరీ వచ్చింది, దాని కోసం 64 ఊళ్లు భూమి ఇచ్చాయి. 2021 జనవరిలో దాన్ని అమ్మడానికి కేంద్రం నిర్ణయం తీసుకుంటే కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం లేచింది. వంగపండు పోయి అప్పటికి ఆరు నెలలు కూడా కాలేదు. ఉంటే గజ్జె కట్టి అక్కడికి వచ్చేవాడే అని మా నమ్మకం.

ఆయన చివరి రోజుల గురించి రెండు మాటలు అంటారు. సినిమాలకు రాశాడు, 'అర్ధరాత్రి స్వతంత్రం'లో నటించాడు. 2017లో ప్రభుత్వం ఇచ్చిన కళారత్న తీసుకున్నాడు. పాత తోటివాళ్లలో కొందరికి అది నచ్చలేదు. మాకు ఇందులో తీర్పు చెప్పాలని లేదు. ఓడల కార్ఖానా జీతం మీద సంసారం ఈదుతూ వందల పాటలు కట్టిన మనిషి ముసలితనంలో ఒక శాలువా కప్పించుకుంటే మన కొండలకేం నష్టం?

నష్టం ఇంకోచోట ఉంది. పోరాటం తర్వాత చట్టం మారింది. 1959 నాటి భూబదలాయింపు నిబంధనను 1970లో సవరించారు, మనం రోజూ '1/70' అనేది దాన్నే. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతికి భూమి పోకూడదని ఉన్న కంచె అది. 1997లో సమత తీర్పు వచ్చింది. అనంతగిరి మండలం నిమ్మలపాడు మనుషులు ఈ దేశపు పెద్ద కోర్టు దాకా పోయి, షెడ్యూల్డ్ ప్రాంతంలో గనుల లీజులు ప్రైవేటు కంపెనీలకు ఇవ్వకూడదని గెలుచుకున్న తీర్పు అది. ఈ రెండింటి మీద మనలో పోటీపరీక్షలకు చదివేవాళ్లు బిట్లు బిట్లుగా చెప్పగలరు. వీటి మీద సవరలో, కువిలో, ఆదివాసీ ఒడియాలో కట్టిన ఒక్క కథ మేం వినలేదు. మన అవ్వకు 1/70 అంటే ఏటో చెప్పాలంటే మనకు ఒక రాగం లేదు.

వాయిద్యాలు లేకనా? థింసాకు మోరి ఉంది, కిరిడి ఉంది, టుడుం ఉంది, డప్పు ఉంది. విశాఖలో పండగైనా, పెద్ద అతిథి వచ్చినా మన థింసా బృందం బీచ్‌లో ఉండాల్సిందే. ఎర్రచీరలు, చేతిలో చెయ్యి, వరసగా అడుగు. ఫొటోలు బాగా వస్తాయి. పాడుతున్న పాటకు అర్థమేంటని వేదిక మీద ఒక్కసారి కూడా ఎవరూ అడగలేదు. మన అడుగు కావాలి, మన మాట అక్కర్లేదు. జముకు పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. జముకును మాట కోసమే పెంచారు, అందుకే దాన్ని చూసి ఒకప్పుడు పోలీసులు కంగారుపడ్డారు. మాట తీసేసిన థింసాను చూసి ఎవరికీ కంగారు లేదు.

మాటతో పాడినవాళ్లు ఆదివాసుల్లో లేకపోలేదు. ఆదిలాబాద్‌లో గోండుల వంశకథలు కీక్రీ తీగ మీద చెప్పేది ప్రధాన్‌లు. భద్రాద్రి కొత్తగూడెం జిల్లా కోయ డోలి కళాకారుడు సకినె రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల కథను కోయలో చెప్పేవాడు, 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడు కిన్నెర మొగులయ్యకూ వచ్చింది. పాలమూరులో ఉన్నోళ్లను దోచి లేనోళ్లకు పెట్టిన పండుగ సాయన్న కథను తీగ మీద నిలబెట్టినవాడు ఆయన. రామచంద్రయ్య 2024లో పోయాడు. ఆయనతో ఎన్ని కథలు పోయాయో లెక్క కట్టేవాళ్లు లేరు. మన వైపు వందేళ్ల కిందట గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో బడి చెప్తూ సవర నేర్చుకుని, సవర పాటలు, కథలు రాసి పెట్టాడు. ఈరోజు సవర పాత పాట కావాలంటే ఆ తెలుగు పంతులు కాగితాలే తిరగేయాలి. ఇప్పుడు మన చేతిలో రికార్డింగు ఉన్న ఫోను ఉంది. అందులో ఉన్నది మాత్రం రీల్స్.

అందుకని ఈ ఆగస్టు 4 నుంచి 9 దాకా ఒక పని అనుకున్నాం. గుమ్మలక్ష్మీపురం, కురుపాం, సీతంపేట వైపు వాళ్లు ముఖ్యంగా చూడండి. సెలవుకు ఇంటికి పోయినప్పుడు అవ్వనో తాతనో, ఊళ్లో వయసు మళ్లినవాళ్లనో కూర్చోబెట్టండి. లేవిడి రోజు గురించి, కోరన్న, మంగన్న గురించి సవరలో గానీ జాతాపుల మాటలో గానీ ఏడుపు పాటో, నాట్ల పాటో ఏదైనా ఉందా అని అడగండి. పాడితే పూర్తిగా రికార్డు చెయ్యండి, మధ్యలో ఆపి అర్థం అడగొద్దు. పాట అయ్యాక ఊరు, భాష, పాడినవాళ్ల వయసు, ఎవరి దగ్గర నేర్చుకున్నారు అన్నవి నాలుగు ముక్కలు రాయండి. గ్రూపులో పెట్టేముందు వాళ్ల ఇష్టం అడగండి, వద్దంటే మీ దగ్గరే ఉంచండి. అరకు, పాడేరు వైపు వాళ్లు నిమ్మలపాడు సంగతి అడగండి. ఎవరి ఊళ్లోనైనా జముకు వాయించేవాళ్లు ఇంకా ఉంటే, లేక డొల్ల అటక మీద పడి ఉన్నా సరే, ఒక ఫొటో తీసి కామెంట్లలో పెట్టండి. తీగ తెగిపోయి ఉన్నా పర్లేదు.